పరుగు దారిలో పిడికెడు బొరుగులు

"డాక్టరుగారూ, చాలా దూరం పరుగెత్తేటప్పుడు దారిలో ఏం తినాలి?" అని ఈ మధ్య తరచు అడుగుతున్నారు. ఆదోనిలో నేను వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఎరుగరు. ఏం తింటే ఒళ్ళు తగ్గుతుంది, ఏం తింటే ఒళ్ళు చేస్తుంది - అప్పట్లో ఈ రెండే ప్రశ్నలు. ఇప్పుడు తెల్లవారుజామున ఊరి బయటికి వెళ్ళి చూడండి. చదువుకునే కుర్రాళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, జిన్నింగు మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్ళు, ఒకరిద్దరు ఆడపిల్లలు కూడా రోడ్డు అంచున పరుగెడుతూ కనిపిస్తారు. ఇది చాలా సంతోషించవలసిన విషయం.

అడిగేవాళ్ళలో రెండు రకాలున్నారు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికో, మిలిటరీకో ఎంపిక కావాలని సాధన చేసేవాళ్ళు మొదటి రకం. వాళ్ళు పరుగెత్తవలసింది 1600 మీటర్లు. ఆరేడు నిమిషాల పని. దానికి జేబులో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. రాత్రి అన్నం సరిగా తిని, నిద్ర సరిగా పోతే చాలు. పరుగుకు ముందు గ్లూకోజు పొడి గుప్పిట పట్టుకుని నాకే పిల్లల్ని నేను చూస్తూ ఉంటాను. ఆ పొడి వాళ్ళకు ధైర్యం ఇస్తే ఇవ్వవచ్చు గాని కాళ్ళకు కొత్తగా ఇచ్చే బలమేమీ లేదు. గంట లోపు పరుగు ఎవరిదైనా ఇంతే.

రెండో రకం వాళ్ళు గంటన్నర, రెండు గంటలు, మూడు గంటలు ఆగకుండా పరుగెత్తేవాళ్ళు. ఈ వ్యాసం వాళ్ళ కోసం, వాళ్ళను చూసి ఇంట్లో బెంగపడే తల్లుల కోసం.

మా అక్కయ్య ఎమ్మిగనూరులో ఉంటుంది. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, ఆదోనిలో ఉద్యోగం చేస్తూ వారమంతా మా ఇంట్లోనే ఉంటాడు. ఆదివారం పొద్దున బస్సెక్కకుండా పరుగెత్తుకుంటూ వాళ్ళ ఊరు వెళ్ళే అలవాటు చేసుకున్నాడు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ సుమారు 30 కిలోమీటర్లు. ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాన్‌లో పూర్తి దూరం, అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు, పరుగెత్తాలని వాడి కోరిక. పోయిన చలికాలంలో ఒక ఆదివారం తెల్లవారకముందే ఒక్క కప్పు కాఫీ తాగి బయలుదేరాడు. 24, 25 కిలోమీటర్ల దాకా బాగానే వెళ్ళాడు. ఆ తర్వాత కాళ్ళు మొద్దుబారాయి, చేతులు వణికాయి, చల్లని చెమట పట్టింది. ఒక వేపచెట్టు కింద కూర్చుండిపోయాడు. ఉల్లిగడ్డల మూటలతో వెడుతున్న ఆటో అతను ఆపి పేరడిగితే చెప్పడానికి తడుముకున్నాడట. ఆ పుణ్యాత్ముడు దగ్గర్లో ఉన్న టీ దుకాణానికి తీసుకువెళ్ళి చక్కెర ఎక్కువ వేయించి టీ తాగించి, ఒక బన్ను తినిపించాడు. పావుగంటలో మనిషి మనిషయ్యాడు. అప్పుడు ఇంటి దగ్గర దింపాడు.

మా అక్కయ్య ఆ పూటే నాకు ఫోను చేసింది. "ఏం రా, నువ్వు డాక్టరువై ఉండి వాన్ని ఇట్ల పంపిస్తావా? ఇంక వాడు పరుగు తీసేది లేదు, ఏమీ లేదు. బస్సుకు డబ్బులు నేనిస్తా" అంది. పెళ్ళి కావలసిన కొడుకు రోడ్డు పక్కన పడిపోయాడంటే ఏ తల్లయినా అదే అంటుంది. వాడికి రక్తపరీక్షలు, గుండె పరీక్షలు చేయించాను. ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా తిండి లోపమే. ఆ మాట ఆమెకు చెప్పాను. "తిండి లేకుంటే నేను పెడతా గదా! ఏం పెట్టాలో చెప్పు" అంది. అక్కడ మొదలయింది మా ఇంటి పరిశోధన.

ముందు శరీరం లెక్క కాస్త చూద్దాం. పరుగెత్తే మనిషి ఒక కిలోమీటరుకు, తన బరువులో ప్రతి కిలోకూ, ఇంచుమించు ఒక కేలరీ ఖర్చు చేస్తాడు. మావాడి బరువు 58 కిలోలు. 30 కిలోమీటర్లకు సుమారు 1740 కేలరీలు. ఈ ఖర్చుకు శరీరంలో రెండు ఖజానాలున్నాయి. ఒకటి క్రొవ్వు. ఎంత బక్కపలచటి మనిషిలోనైనా రోజుల తరబడి నడవడానికి చాలినంత క్రొవ్వు ఉంటుంది. రెండోది గ్లైకోజెన్. మనం తిన్న అన్నం, రొట్టె చక్కెరగా మారి, కండరాలలోనూ కాలేయంలోనూ ఈ రూపంలో నిలవ ఉంటుంది. ఇది మహా అయితే 400, 500 గ్రాములు. కేలరీలలో 1600 నుంచి 2000.

మా వైపు వాళ్ళకు ఇది సులువుగా చెప్పవచ్చు. క్రొవ్వు తుమ్మమొద్దు వంటిది. చాలాసేపు కాలుతుంది గాని మంట నెమ్మది. గ్లైకోజెన్ ఎండిన పత్తికట్టె. భగ్గున మండుతుంది, త్వరగా అయిపోతుంది. వేగం కావాలంటే పత్తికట్టె కావాలి. పైగా మొద్దు సరిగా మండడానికి కూడా పక్కన నాలుగు పుల్లలు మండుతూ ఉండాలి. కాలేయంలో ఉన్న నిలవ రాత్రంతా నిద్రలోనే సగానికి సగం కరిగిపోయి ఉంటుంది. ఆ మీదట ఉత్త కాఫీతో బయలుదేరితే రెండు, రెండున్నర గంటలకు రక్తంలో చక్కెర తగ్గుతుంది. మెదడుకు చక్కెరే ఆహారం. అందుకే మావాడు తన పేరుకే తడుముకున్నాడు.

ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో 1924లో పరుగు ముగించిన కొందరి రక్తం డాక్టర్లు పరీక్షించారు. సొమ్మసిల్లి వచ్చినవాళ్ళలో చక్కెర బాగా పడిపోయి ఉంది. మరుసటి సంవత్సరం కొందరికి ముందురోజు పిండిపదార్థాలు ఎక్కువగా పెట్టి, పరుగులో మిఠాయి బిళ్ళలు తినమన్నారు. చక్కెర పడిపోలేదు, మనుషులూ తేరుకుని ఉన్నారు. అంటే వంద సంవత్సరాల కిందటే ఈ వైద్యం తేలిందన్నమాట. మందు మిఠాయి బిళ్ళ!

ఇహ మా అక్కయ్య సంగతి. మిఠాయి బిళ్ళ అంటే ఆమె ఒప్పుకోలేదు. "అది చిన్నపిల్లోళ్ళు తినేది. బలమైన తిండి కావాలి" అంది. మా వైపు బలమైన తిండి అంటే ఏమిటో మీకు తెలియంది కాదు. సజ్జ రొట్టె, జొన్నరొట్టె, వేరుసెనగలు - మేము బుడ్డలంటాం - నెయ్యి, నువ్వులు. ఆమె ఇంకో గట్టి సాక్ష్యం కూడా చూపించింది. ఉగాది ముందు కర్ణాటక నుంచి భక్తులు శ్రీశైలానికి కాలినడకన వెడుతూంటారు. ఎమ్మిగనూరు మీదుగా గుంపులు గుంపులుగా సాగుతారు. నెత్తిన మూట, చంకలో నీళ్ళ సీసా. మా అక్కయ్య వాళ్ళ వీధిలోవాళ్ళు వాళ్ళకు మజ్జిగ, అన్నం పెడతారు. "ఆ కన్నడమోళ్ళు రొట్టె, బుడ్డల పొడి మూటగట్టుకుని మల్లన్న దగ్గరికి నడిచి పోతారు గదా! వాళ్ళు యాడన్నా పడిపోయినారా?" అంది.

మంచి ప్రశ్న. ఇలాంటి ప్రశ్న వైద్య కళాశాలలో నన్నెవరూ అడగలేదు.

జవాబు ఏమిటంటే, నడక తిండి వేరు, పరుగు తిండి వేరు. నడిచేవాడు తుమ్మమొద్దు మీదే చాలా దూరం వెళ్ళగలడు. ఆ నెమ్మది మంట నడకకు చాలు. చెట్టు కింద కూర్చుంటాడు, తింటాడు, కునుకు తీస్తాడు. నడకలో కడుపుకు రక్తం బాగానే అందుతుంది కాబట్టి రొట్టె, బుడ్డల పొడి అరగడానికి అడ్డేమీ ఉండదు. వాళ్ళకు ఆ తిండే తగిన తిండి.

పరుగెత్తేవాడి సంగతి అట్లా కాదు. ఒంట్లో ఉన్న రక్తంలో ఎక్కువ భాగం కాళ్ళ కండరాలకూ, వేడి దించడానికి చర్మానికీ మళ్ళుతుంది. జీర్ణకోశం వాటా సగానికి పైగా కూడా తగ్గవచ్చు. ఆ కొంచెం రక్తంతో పేగులు పనిచేయాలి. పైగా ప్రతి అడుగుకూ కడుపు కుదుపులు తింటూ ఉంటుంది. అటువంటప్పుడు క్రొవ్వు, మాంసకృత్తులు, పీచు ఉన్న పదార్థం పడితే కడుపు దాన్ని కిందికి వదలదు. పైన నిలవ ఉండి త్రేన్పులు, డొక్కలో పోటు, వాంతి, ఒక్కోసారి అర్జంటుగా పొదల చాటుకు పరుగు! తిన్నదేమో రక్తంలోకి చేరదు, ఉన్నదేమో అయిపోతుంది. ఇంట్లో మనం మెచ్చుకునే గుణాలే - నిదానంగా అరగడం, చాలాసేపు ఆకలి ఆపడం - పరుగులో దోషాలవుతాయి. మామూలు రోజుల్లో నేను వద్దని చెప్పే తెల్లటి, పీచులేని, చప్పున చక్కెరగా మారే తిండే అక్కడ మంచిది. ఇది డాక్టరు నోట రావలసిన మాటేనా అని మా ఆవిడ నవ్వింది.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశపు ఆహార పదార్థాలలో ఏది ఎంత ఉందో ఆ సంస్థ అచ్చువేసిన పట్టికలు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. అందులో చూడండి. నూరు గ్రాముల వేరుసెనగ పప్పులో క్రొవ్వు 40 గ్రాములు, మాంసకృత్తులు 25, పిండిపదార్థం 26 మాత్రమే. అదే నూరు గ్రాముల బొరుగుల్లో పిండిపదార్థం 73 గ్రాములకు పైగా, క్రొవ్వు ఉందా అంటే ఉందనిపించేటంత. బెల్లంలో 95. ఎండు ఖర్జూరంలో 75. అరటిపండులో, నీరు ఎక్కువ కాబట్టి, 27. వేయించిన సెనగపప్పు, అంటే పుట్నాలలో, 58 ఉంది గాని మాంసకృత్తులు 22 దాకా ఉన్నాయి. కూర్చుని తినేవాడికి పుట్నాలు బెల్లం అంత మంచి ఫలహారం లేదు. పరుగెత్తేవాడికి మాత్రం ఒద్దు.

పుస్తకంలో లెక్క సరిపోయినంత మాత్రాన నోట్లో సరిపోవాలని లేదు. అందుకని ప్రతి ఆదివారం నేను స్కూటరు మీద మావాడి వెనక బయలుదేరాను. సంచిలో తిండి, నీళ్ళు, తూకం వేసిన పొట్లాలు. ఎడమపక్క పత్తిచేలు, కుడిపక్క ఉల్లిచేలు, మధ్యన మేమిద్దరం.

అక్కయ్య మాట కాదనలేక మొదట బుడ్డల చిక్కీయే పెట్టాం. బెల్లం ఉంది కదా అని నాకూ కొంచెం ఆశ ఉండింది. వాడు నమిలాడు, నమిలాడు, అర కిలోమీటరు నమిలాడు. పరుగులో నోటితో గాలి పీలుస్తూ, అదే నోటితో నమలడం ఎంత కష్టమో చూస్తే గాని తెలియదు. నాలుగు కిలోమీటర్ల తర్వాత కుడి డొక్క పట్టుకున్నాడు. మరుసటి వారం నెయ్యి వేసిన సజ్జ లడ్డు. దాని సంగతి చెప్పను, తినే ముందు చదివే పాఠకులు ఉంటారు.

తర్వాత ఉత్త బొరుగులు. అవి తేలిక, ఉప్పగా ఉంటాయి, సులువుగా అరుగుతాయి. ఉప్పునీరు పట్టించిన బియ్యాన్ని కాగిన ఇసుకలో వేయిస్తే పొంగి గుల్లవుతుంది కాబట్టి పేగుల్లో ఆ పిండి తొందరగా చక్కెర అవుతుంది. కాని ఒక పెద్ద చిక్కు. గుప్పెడు నోట్లో వేసుకుని గట్టిగా ఊపిరి తీస్తే ఒక బొరుగు గొంతులోకి ఎగిరి దగ్గు వచ్చింది. "మామా, ఇది మింగేకి కాలేదు, పీల్చేకి అయింది" అన్నాడు. ఇది నవ్వులాట కాదు. పొడిగా, గుల్లగా ఉన్నది ఏదైనా - అటుకులైనా, కారబ్బూందీ అయినా - పరుగులో ఊపిరితిత్తులకు ప్రమాదమే. వేసుకోవాలనుకుంటే ఆగి, నడుస్తూ, నీళ్ళతో వేసుకోవాలి.

గ్లూకోజ్ బిస్కెట్లు పరవాలేదు. ఒక్కోదానిలో మూడు నాలుగు గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతాయి. నోరు ఎండిపోయి ఉన్నప్పుడు మాత్రం అంగిలికి అతుక్కుంటాయి. అరటిపండు రుచికీ మింగడానికీ మొదటిది. అమెరికాలో 2012లో సైకిలు తొక్కేవాళ్ళకు ఒకసారి అరటిపండ్లు, ఒకసారి కంపెనీ చక్కెర పానీయం ఇచ్చి 75 కిలోమీటర్లు తొక్కిస్తే రెండుసార్లూ ఒకేలా తొక్కారు. కాని జేబులో పెట్టుకుంటే అరగంటకు గుజ్జు అవుతుంది. పక్కన స్కూటరు మీద మామ ఉన్నవాడికి అరటిపండు, లేనివాడికి ఇంకోటి.

ఆ ఇంకోటి ఖర్జూరం. ఆదోనిలో రంజాను నెల అని లేదు, ఏడాది పొడుగునా మంచి ఖర్జూరం దొరుకుతుంది. ఉపవాసం విడిచేటప్పుడు ముందుగా ఖర్జూరం తినడం ఎంత తెలివైన ఆచారమో ఆ పూట అర్థమయింది. ఖాళీ కడుపుకు బరువు కాకుండా చక్కెర అందుతుంది. గింజ తీసి, చీల్చి, సగం సగం చేసి పెడితే రెండు నమలుళ్ళలో కరిగిపోతుంది. మూడు నాలుగు పండ్లకు 20 గ్రాముల పిండిపదార్థం. మించితే పీచు ఎక్కువయి పేగులు గోలచేస్తాయి. కిస్‌మిస్ కూడా ఇటువంటిదే. 2012లోనే కాలిఫోర్నియాలో పదకొండుమంది పరుగువాళ్ళకు కిస్‌మిస్ ఒకసారి, కంపెనీ చక్కెర బిళ్ళలు ఒకసారి ఇచ్చి చూస్తే పరుగు వేగంలో తేడా కనబడలేదు. పదకొండుమంది అంటే చిన్న పరీక్షే, అయినా మన జేబుకు అనుకూలమైన పరీక్ష.

ఉప్పు చల్లిన ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు మావాడికి ఇరవయ్యో కిలోమీటరు తర్వాత బాగా నచ్చాయి. అప్పటికి తీపి మొహం మొత్తి ఉంటుంది. 2019లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పన్నెండుమంది సైకిలు వీరులకు ఆలుగడ్డ గుజ్జు పెట్టి చూశారు. కంపెనీ గుజ్జుతో సమానంగానే పనిచేసింది గాని కడుపు ఉబ్బరం కాస్త ఎక్కువయింది. అదీ నిజమే, మావాడు త్రేన్చాడు.

ఇంతకూ చివరికి గెలిచింది మా అక్కయ్యే. బొరుగులు ఎగురుతున్నాయి, బెల్లం అతుక్కుంటుంది - ఈ రెండూ కలిపితే? బొరుగుల ఉండ అందరికీ తెలిసిందే, మా చిన్నతనంలో తిరునాళ్ళలో కొనుక్కునేవాళ్ళం. కాని తిరునాళ్ళ ఉండ ముదురు పాకంతో రాయిలా ఉంటుంది, పళ్ళకు పరీక్ష. ఆమె బొరుగులను సగం పాళ్ళు బరకగా దంచి, బెల్లం లేతపాకం పట్టి, చిటికెడు ఉప్పు, కొంచెం శొంఠి వేసింది. ఉండ నిలవక రాలిపోతూంటే గింజ తీసిన ఖర్జూరం నూరి బంకలా కలిపింది. నెయ్యి చేతికి రాసుకునే అలవాటు మాన్పించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నీళ్ళ చేత్తో చుట్టింది. ఒక్కో ఉండ 25 గ్రాముల తూకం, అందులో పిండిపదార్థం 20 గ్రాములు. ఉసిరికాయ కంటే కొంచెం పెద్దది. వెన్నకాగితంలో చుడితే జేబులో నలగదు. నాలుగు నమలుళ్ళు, రెండు గుక్కల నీళ్ళు, అయిపోయింది.

బెల్లంలోనూ చక్కెరలోనూ గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ ఉంటాయి. బొరుగుల్లోది గ్లూకోజు. ఇవి పేగుల్లోంచి రక్తంలోకి వేరువేరు దారుల్లో వెడతాయి. ఒక్క దారిలో అయితే గంటకు 60 గ్రాములకు మించి లోపలికి పోదు. రెండు దారులూ ఉంటే ఇంకొంచెం ఎక్కువ ఇముడుతుంది. అక్కయ్యకు ఈ శాస్త్రం తెలియదు, ఉండ మాత్రం శాస్త్రప్రకారం కుదిరింది.

ఎంత తినాలి? గంటన్నర నుంచి రెండున్నర గంటల పరుగుకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. కొత్తవాళ్ళు 30తో మొదలుపెట్టాలి. అంటే గంటకు ఒకటిన్నర ఉండ. మావాడు 40 నిమిషాలకు మొదటిది తింటాడు, ఆ తర్వాత అరగంటకొకటి. ఆకలి వేసేదాకా ఆగకూడదు. పరుగులో ఆకలి వేయదు, వేసేసరికి ఆలస్యమయిపోతుంది. మరో మాట, పేగులకు కూడా సాధన కావాలి. మొదటి వారం సగం ఉండకే కడుపు మూలిగినా అయిదారు వారాల్లో అలవాటు పడుతుంది. పందెం రోజున కొత్త తిండి నోట్లో పెట్టుకోకూడదు, పక్కవాడు ఎంత ప్రేమగా ఇచ్చినా సరే.

కంపెనీవాళ్ళ గుజ్జు పొట్లాలు కొందరు వాడతారు. వాటిని నేను తిట్టను. మింగడం తేలిక, కొలత కచ్చితం. కాని ఒక్కో పొట్లం వంద రూపాయలు, ఆ పైన. మూడు గంటల పరుగుకు నాలుగు కావాలి. వారం వారం నాలుగు వందలు పరుగు మీద పెట్టగల ఇళ్ళు మా ఊళ్ళలో ఎన్ని? అక్కయ్య ఉండ ఒక్కోటి రెండు మూడు రూపాయల్లో పడుతుంది.

గట్టి పదార్థం తిన్నప్పుడు నీళ్ళు తప్పనిసరి. లేకపోతే అది కడుపులో ముద్దగా కూర్చుంటుంది. అట్లా అని కడివెడు తాగకూడదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో నూటికి 13 మందికి రక్తంలో సోడియం ఉండవలసిన దానికంటే తగ్గి ఉంది. పరుగులో ఒంటి బరువు పెరిగేటంతగా నీళ్ళు తాగినవాళ్ళలోనే ఇది ఎక్కువ. దప్పిక అయినప్పుడు, దప్పిక తీరేటంత తాగడం మంచిది. మా వైపు ఎండలకు చెమట ఎక్కువ కాబట్టి ఉండలో ఆ చిటికెడు ఉప్పు వేశాం. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రెండు నెలలూ సూర్యోదయం కాకముందే సగం దూరం అయిపోవాలి, లేదా దూరమే తగ్గించుకోవాలి. ఎండదెబ్బకు ఉండ మందు కాదు.

బయలుదేరే ముందు ఏమిటి అంటారా? రెండు మూడు గంటల ముందయితే రెండు ఇడ్లీలో, కొంచెం పలచటి అన్నమో. తెల్లవారుజామున అంత టైము ఉండదు కాబట్టి మావాడు అరటిపండు ఒకటి తిని బయలుదేరుతాడు. ముందురాత్రి మాత్రం అన్నం కడుపునిండా తింటాడు. పరుగుకు ముందు ఉగ్గాని, బజ్జి పనికిరావు. ఉగ్గానిలో ఉన్నదీ బొరుగులే కదా అని వాదించేవాళ్ళున్నారు. బొరుగులు నిజమే గాని నూనె, పచ్చిమిరపకాయ, పుట్నాల పొడి మాటేమిటి? పక్కన ఉన్న మిరపకాయ బజ్జి సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు.

పరుగు అయిపోయాక మాత్రం ఉగ్గాని తినండి. నేనే వద్దనను. ఎమ్మిగనూరు చేరాక అరగంట ఆగి మేమిద్దరం తినేది అదే. ఆ పూట భోజనంలో జొన్నరొట్టె, పప్పు, బుడ్డల పొడి, పెరుగు. దెబ్బతిన్న కండరాలకు ఇప్పుడు మాంసకృత్తులు కావాలి, మా అక్కయ్య బలమైన తిండికి ఇప్పుడు వేళ అయిందన్నమాట. వాడు తింటూంటే ఆమె పక్కనే కూర్చుని చూస్తుంది.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి బెల్లం ఉండలు జేబులో వేసుకుని బయలుదేరవద్దు. బయలుదేరకుండా ఇంట్లోనే కూర్చోవద్దు కూడా! మందు లేకుండా అదుపులో ఉన్నవాడి సంగతి ఒకటి, ఇన్సులిన్ తీసుకునేవాడి సంగతి ఒకటి. ఇన్సులిన్ కాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు కాని వాడేవాళ్ళకు పరుగులో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. పరుగయిపోయిన రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. వాళ్ళు పరుగుకు ముందు, తర్వాత వేలికొన రక్తం పరీక్షించుకోవాలి. మందు మోతాదు తమ డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. ఒంటరిగా పరుగెత్తకూడదు. వణుకు, చల్లని చెమట, తికమక కనిపిస్తే వాళ్ళకు ఉండ నమిలే వ్యవధి కూడా ఉండదు. గ్లూకోజు నీళ్ళే కావాలి. స్పృహ తప్పినవాడి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. నలభై దాటినవాళ్ళు, గుండెజబ్బు ఇంటిలో ఉన్నవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే అది తిండి లోపమని అనుకుని ఇంకో ఉండ తినవద్దు, ఆగిపోవాలి.

మావాడు ఇప్పటికి పదకొండు ఆదివారాలు మా అక్కయ్య ఉండలతో ఆ దారి పరుగెత్తాడు. వేపచెట్టు దాటేటప్పుడు నాకేసి చూసి నవ్వుతాడు. మారథాన్‌కు ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాని పోయిన వారం ఫోనులో, 42 కిలోమీటర్లకు ఎన్ని ఉండలు పడతాయని అడిగింది. ఎనిమిది అని చెప్పాను. "పది చేస్తా. రెండు పక్కోనికి ఇస్తాడులే" అంది.